ఎండ ఒకటే, ఇంటి పని ఒకటి కాదు: నగరాలు, వాతావరణ ముప్పు, ఆడ-మగ పాత్రలపై తరచుగా అడిగే ప్రశ్నలు

వడగాలులు, వరదలు, నీటి ఎద్దడి ముదురుతున్న కొద్దీ ప్రతి పెద్ద నగరమూ ఏదో ఒక ప్రణాళిక రాసుకుంటోంది. వాటిలో ఇప్పుడు "జెండర్" అన్న మాట కూడా కనబడుతోంది, చాలాసార్లు చివరి పేజీల్లో ఒక పేరాగా. ఆ పేరా ఎందుకు ఉందో, అది మొదటి పేజీల్లోకి ఎందుకు రావాలో తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ.

ఎండ మగవాళ్లని వదిలేసి ఆడవాళ్ల మీదే పడదు కదా. ఇందులో తేడా ఎక్కడిది?

ఎండ మనిషిని చూసి పడదు, నిజమే. కానీ అది పడే వేళకు ఎవరు ఎక్కడున్నారు, చేతిలో ఏ పని ఉంది, ఆ పని వదిలి లేచే వీలుందా అన్నదాన్ని బట్టి దెబ్బ మారుతుంది. 2022 వేసవిలో యూరప్‌లో వేడి వల్ల 61 వేల మందికి పైగా చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. మృతుల్లో ఆడవాళ్లు మగవాళ్ల కంటే 63 శాతం ఎక్కువ. ఇక్కడితో ఆపేస్తే "ఆడవాళ్లు బలహీనులు" అన్న పాత పాటే మిగులుతుంది. అదే లెక్కను వయసుల వారీగా విడదీసి చూడండి. 80 దాటినవాళ్లలో ఆడవాళ్లకు ముప్పు ఎక్కువ, 65 లోపువాళ్లలో మగవాళ్లకు ఎక్కువ. భర్త పోయాక పై అంతస్తులో ఒంటరిగా మిగిలిపోయిన ముసలమ్మనీ, మిట్టమధ్యాహ్నం రోడ్డు పనిలో ఉన్న నలభయ్యేళ్ల మనిషినీ ఒకే అంకెలో కలిపేస్తే ఇద్దరిలో ఎవరికీ పనికొచ్చే ఏర్పాటు దొరకదు.

ఇది శరీరాల్లో తేడా కాదా?

కొంత ఉంది. గర్భిణులకు వేడి నిజంగానే ప్రమాదం. నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం వడగాలుల్లో పెరుగుతుంది. వయసు మళ్లిన ఒంటికి చెమట పట్టి చల్లబడే శక్తి తగ్గుతుంది. కానీ శరీరంతో అన్నీ తేలవు.

1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ తీరాన్ని ముంచిన తుఫానులో లక్షా ముప్పై వేల మందికి పైగా పోయారు. 20 నుంచి 44 ఏళ్ల మధ్య వయసువాళ్లను చూస్తే వెయ్యి మంది ఆడవాళ్లకు 71 మంది చనిపోయారు. అదే వయసు మగవాళ్లలో వెయ్యికి 15 మంది. ఆ వయసులో ఒంటి బలంలో ఉండే తేడా అయిదు రెట్ల చావుల్ని వివరించలేదు. చంకలో పిల్లలు, కాళ్లకు చుట్టుకునే బట్ట, ఇంటి మగమనిషి వచ్చి "పదండి" అనేదాకా ఆగడం, నలుగురు మగవాళ్ల మధ్య షెల్టర్‌లో రాత్రి గడపాలంటే బిడియం, చిన్నప్పుడు ఈత నేర్పకపోవడం, ఇవన్నీ కలిసి చంపాయి.

ఎరిక్ న్యూమాయర్, థామస్ ప్లూంపర్ అనే ఇద్దరు పరిశోధకులు 1981 నుంచి 2002 వరకు 141 దేశాల లెక్కలు చూసి 2007లో ఇదే సంగతి చెప్పారు. విపత్తులు ఆడవాళ్ల ఆయుర్దాయాన్ని మగవాళ్ల ఆయుర్దాయం కంటే ఎక్కువగా తగ్గిస్తున్నాయి. ఎక్కడ ఆడవాళ్ల సామాజిక, ఆర్థిక స్థితి మెరుగ్గా ఉందో అక్కడ ఆ తేడా తగ్గుతోంది. ఒంటితో పుట్టిన తేడాయే అయితే స్థితిగతులతో పాటు తగ్గకూడదు కదా.

అంటే బాధితులు ఎప్పుడూ ఆడవాళ్లేనా?

కాదు. అలా అనుకుని రాసిన ప్రణాళికలు మగవాళ్ల ప్రాణాల మీదికి తెస్తాయి. 1995 జులైలో చికాగో నగరాన్ని పట్టిన వడగాలికి 700 మందికి పైగా పోయారు. ఒంటరిగా ఉండే వృద్ధుల్లో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి చావులూ వాళ్లవే ఎక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లినెన్‌బర్గ్ తవ్వి చూస్తే అలా లేదు. ఎవరూ వచ్చి తీసుకెళ్లని శవాల్లో చాలా భాగం మగవాళ్లవే. ముసలమ్మలకు ఫోన్ చేసే కూతురో, తలుపు తట్టే పక్కింటావిడో ఉన్నారు. ఉద్యోగం చుట్టూ, పెళ్లాం నడిపిన చుట్టరికాల చుట్టూ బతికిన మగవాళ్లకు ఆ రెండూ పోయాక ఎవరూ లేరు.

వరదల్లోనూ ఇంతే. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల వరద నీళ్లలో కొట్టుకుపోయేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. పారే నీళ్లలోకి "ఏం కాదులే" అని కారు దించేది ఎక్కువగా వాళ్లే. సాయం చేయడానికి దిగేదీ, దిగమని అందరూ ఎగదోసేదీ వాళ్లనే. నీరసంగా ఉందని చెప్పి పని మధ్యలో నీడకు పోతే మేస్త్రీ ఏమంటాడో, తోటివాళ్లు ఎలా నవ్వుతారో కూలి పనికి వెళ్లిన ప్రతి కుర్రాడికీ తెలుసు. "మగాడివి కదా" అన్న మాట కూడా ఒక వాతావరణ ముప్పే.

నగరాల గురించే విడిగా ఎందుకు?

కాంక్రీటు, తారు పగలంతా వేడిని తాగి రాత్రంతా వదులుతాయి కాబట్టి చుట్టుపక్కల పల్లెల కంటే నగరం వేడిగా ఉంటుంది, ముఖ్యంగా రాత్రిపూట. కురిసిన నీరు ఇంకే నేల ఉండదు. నీళ్లు, గాలి, నీడ అన్నీ కొనుక్కోవాల్సిందే. ఇరుగుపొరుగు ఎవరో తెలియదు. అద్దె ఇల్లు కాబట్టి కప్పు మార్చుకునే హక్కు లేదు. ఆడ-మగ పాత్రలు ఎక్కడైనా ఉంటాయి, నగరంలో అవి గోడల మధ్య ఇరుక్కుపోతాయి.

వాతావరణ మార్పును తట్టుకోవడం అంటే గోడలు, కాలువలు, చెట్లు కదా. ఇందులో ఇంటి పనికి సంబంధం ఏమిటి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

నగరం కట్టేది కళ్లకు కనబడుతుంది. వరద గోడ, తుఫాను నీటి కాలువ, ఎండ నుంచి తలదాచుకునే కూలింగ్ సెంటర్. వాటికి బడ్జెట్ ఉంటుంది, కాంట్రాక్టర్ ఉంటాడు, ప్రారంభోత్సవం ఉంటుంది. కానీ ఎక్కడైనా సరే, ముప్పును రోజువారీగా తట్టుకునేది ఎవరో ఒకరి గంటలతో. కరెంటు పోయిన రాత్రి పసిపిల్లకు విసనకర్రతో విసిరే గంటలు. వరద తీశాక బురద ఎత్తి, గోడల బూజు కడిగి, తడిసిన బట్టలు ఉతికి ఆరేసే రోజులు. కుళాయి ఆగిపోయిన వారంలో నీళ్లకోసం తిరిగే తిరుగుడు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న పిల్లాడి పక్కన కూర్చునే రాత్రులు. ఇవేవీ ఏ ప్రణాళికలోనూ ఖర్చు కింద రాయరు. ప్రపంచంలో జీతం లేకుండా జరిగే ఇంటి పని, సంరక్షణ పనిలో నాలుగింట మూడు వంతుల గంటలు ఆడవాళ్లవేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క తేల్చింది. కచ్చితంగా చెప్పాలంటే 76.2 శాతం. నగరం ఎక్కడ చేయి ఎత్తేస్తే అక్కడ పని ఈ గంటల్లోకి జారుతుంది.

కేప్‌టౌన్ సంగతి చూడండి. జలాశయాలు ఎండిపోయి కుళాయిలు ఆపేసే రోజు దగ్గర పడుతోందన్న భయంతో 2018 ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే వాడాలని ఆ నగరం నియమం పెట్టింది. నగరం గట్టెక్కింది, ప్రపంచమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. కానీ 50 లీటర్లతో ఇల్లు గడవడం అంటే ఏమిటో దగ్గర నుంచి చూస్తే, స్నానం నీళ్లు తొట్టిలో పట్టాలి, ఆ నీళ్లు మోసుకెళ్లి మరుగుదొడ్డిలో పోయాలి, బట్టలు ఎన్ని రోజులకు ఒకసారి ఉతకాలో లెక్క వేయాలి, ఎవరు ఎక్కువ వాడారో చూసి కసరాలి. పైపు చేసే పనిని ఒక మనిషి చేయాలి. ఆ మనిషి ఎవరో మీ ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఇంట్లో ఉండేవాళ్లకు ఎండతో ఏం ఇబ్బంది? బయట పనిచేసేవాళ్లదే కదా కష్టం?

బయట పనిచేసేవాళ్లది కష్టమే. కానీ "ఇంట్లో ఉంటే క్షేమం" అన్నది మంచి ఇల్లున్నవాళ్ల మాట. 2021 వేసవిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేడికి 619 మంది పోతే వాళ్లలో 98 శాతం మంది నాలుగు గోడల మధ్యే పోయారు.

ఇంట్లో కూర్చుని సంపాదించేవాళ్లు ప్రపంచంలో 26 కోట్ల మంది దాకా ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. అందులో సగానికి పైగా, 14.7 కోట్ల మంది, ఆడవాళ్లు. రేకుల కప్పు కింద ఒక గది ఊహించుకోండి. మధ్యాహ్నం రెండు. కుట్టు మిషన్ కిటికీ పక్కన ఉంది, ఎందుకంటే వెలుతురు అక్కడే. ఎండ పడేదీ అక్కడే. తలుపు మూస్తే చీకటి, తెరిస్తే వేడి గాలి. ఫ్యాన్ వేస్తే తేలికపాటి గుడ్డ లేచిపోతుంది, అట్టపెట్టెలు అంటించేవాళ్లకైతే కాగితాలన్నీ ఎగిరిపోతాయి. కాబట్టి ఫ్యాన్ ఆపి పని చేస్తుంది. చెమట చుక్క గుడ్డ మీద పడితే మరక, మరక పడిన గుడ్డకు డబ్బు రాదు. అదే గదిలో మూల పొయ్యి ఉంది, మంచం మీద అత్తగారు ఉన్నారు. నాలుగింటికి పనిచేయడం ఆగిపోతుంది, రోజుకు ఇరవై ముక్కలు కుట్టే చోట పన్నెండు అవుతాయి. ముక్కకు ఇంత అని కూలి ఇచ్చే పనిలో వడగాలి అంటే జీతం కోతే. ఇక ఈ గదిని ఏ కార్మిక శాఖ అధికారీ తనిఖీ చేయడు, ఎందుకంటే కాగితాల మీద అది ఇల్లు, ఫ్యాక్టరీ కాదు.

నీటి ఎద్దడి సంగతి?

ఇంటి ఆవరణలో నీటి వసతి లేని ప్రతి పది ఇళ్లలో ఏడింటిలో నీళ్లు తెచ్చే బాధ్యత ఆడవాళ్లదీ ఆడపిల్లలదే అని యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పాయి. నగరంలో దూరం తక్కువే, ఎదురుచూపు ఎక్కువ. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే అసలు శిక్ష. పొద్దున వస్తుందంటారు, వచ్చేసరికి మూడు. ఆ రోజు ఆమె పనికి వెళ్లడానికి లేదు, బడికి వెళ్లే పిల్లైతే ఆ పూట బడి లేదు. చిత్రమేమిటంటే, నీళ్లు తెచ్చే పనికి చక్రాలు రాగానే, అంటే బండి మీద క్యాన్లు వేసుకుని తెచ్చే రోజు రాగానే, ఆ పని చాలాచోట్ల మగవాళ్ల చేతికి మారుతుంది. నెత్తి మీదో చంకలోనో మోసినంత కాలం అది ఆడపని. పాత్రలు రాతి మీద రాసినవి కావని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం కనబడలేదు.

హెచ్చరికలు అందరి ఫోన్లకూ వస్తాయి కదా. ఇక్కడ కూడా తేడానా?

ముందు, ఫోన్ ఎవరిది? తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో మొబైల్ ఇంటర్నెట్ వాడే అవకాశం ఆడవాళ్లకు మగవాళ్ల కంటే 15 శాతం తక్కువని మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘం జీఎస్ఎంఏ 2024 నివేదిక. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే అది ఇంటాయన జేబులో బయటికి పోతుంది. హెచ్చరిక ఆయనకు చేరుతుంది, ముంపు ఇంటికి చేరుతుంది.

తర్వాత, మాటల సంగతి. "మధ్యాహ్నం బయటికి వెళ్లకండి" అన్న సందేశం ఇంట్లో రేకుల కింద ఉడికిపోతున్న మనిషికి ఏం చెప్పినట్టు? ఆమెకు పనికొచ్చేవి వేరు. వంట ఏ వేళకు ముగించాలి, కప్పు మీద తడి గోనెలు ఎప్పుడు పరచాలి, ముసలివాళ్లలో వడదెబ్బ గుర్తులు ఎలా ఉంటాయి, దగ్గర్లో చల్లటి చోటు ఎక్కడుంది.

మూడోది, చెప్పే మనిషి. 1991 తర్వాత బంగ్లాదేశ్ నేర్చుకున్నది ఇదే. అక్కడి తుఫాను సన్నద్ధత కార్యక్రమంలో ఇప్పుడు 70 వేలకు పైగా వాలంటీర్లు ఉన్నారు, వాళ్లలో దాదాపు సగం మంది ఆడవాళ్లు. మైకులో అరిచి వెళ్లిపోయే మగ గొంతు వేరు, వంటింటి గుమ్మంలో నిలబడి "పిల్లల్ని తీసుకుని ఇప్పుడే నడువు, నేనూ వస్తున్నా" అనే మనిషి వేరు. షెల్టర్లు పెరగడం, ముందస్తు అంచనాలు మెరుగుపడడం కూడా కలిసొచ్చి, ఆ దేశంలో తుఫాను చావులు లక్షల నుంచి పదుల్లోకి, వందల్లోకి దిగాయి.

షెల్టర్ కట్టినా జనం వెళ్లరేం?

అక్కడి మరుగుదొడ్డి వల్ల వెళ్లరు. నవ్వకండి. లోపలి గడియ లేని తలుపు, దీపం లేని దారి, రెండు వందల మందికి రెండు గదులు ఉన్న చోటికి ఏ తల్లీ ఎదిగిన కూతుర్ని తీసుకెళ్లదు. విపత్తు తర్వాత ఇంటి లోపలా శిబిరాల్లోనూ ఆడవాళ్ల మీద హింస పెరుగుతుందని ప్రపంచంలో చాలాచోట్ల నమోదైంది. ఆమె వరదకూ షెల్టర్‌కూ మధ్య బేరీజు వేసుకుంటోంది, అంతే. మొండితనం కాదు. ఇంటి సామానుకు కాపలా ఉండిపోయే మగవాళ్లదీ అలాంటి లెక్కే.

కూలింగ్ సెంటర్లకు ఇంకో రోగం ఉంది, వేళలు. బార్సిలోనా 2020 నుంచి గ్రంథాలయాలు, బడులు, పార్కుల్ని కలిపి వేడి నుంచి తలదాచుకునే చోట్లుగా తీర్చిదిద్దుతోంది. ఆలోచన బాగుంది, చాలా నగరాలు అందుకుంటున్నాయి. కానీ గ్రంథాలయం సాయంత్రం మూస్తారు, సెలవుల్లో మూస్తారు. ఇల్లు కొలిమిలా మారేది రాత్రి. మంచం దిగలేని మామగారిని వదిలి కోడలు ఒక్కతే వెళ్లి చల్లగా కూర్చోలేదు. సెంటర్ మనిషి దగ్గరికి రావాలి, లేదా ఇద్దర్నీ తీసుకెళ్లే బండి రావాలి.

చెట్లు, పార్కులు పెంచితే అందరికీ మేలే కదా?

పెంచాలి. ఎవరు వాడుకుంటున్నారో కూడా చూడాలి. 1990లలో వియన్నా నగరం తన పార్కుల్లో గమనించింది: తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోంది, మగపిల్లలు వస్తూనే ఉన్నారు. ఒకే పెద్ద మైదానం ఉంటే దాన్ని ఫుట్‌బాల్ కుర్రాళ్లు ఆక్రమిస్తున్నారు, అమ్మాయిలు గొడవ పడకుండా తప్పుకుంటున్నారు. నగరం ఏం చేసిందంటే ఆ స్థలాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, దారులు పెంచి, వాలీబాల్, బ్యాడ్మింటన్ లాంటి వాటికి చోటు పెట్టింది. అమ్మాయిలు తిరిగి వచ్చారు. అప్పుడు ఎవరూ వాతావరణ మార్పు గురించి ఆలోచించి చేసిన పని కాదది. కానీ ఇవాళ పార్కును "చల్లదనం ఇచ్చే వసతి" అని పిలుస్తున్నాం కాబట్టి, సగం మంది అడుగు పెట్టని నీడ ఎంతమందిని కాపాడుతుందో అడగక తప్పదు.

నష్టపరిహారం, బీమా విషయాల్లో?

పరిహారం కాగితం వెంట నడుస్తుంది. ఇల్లు ఎవరి పేరున ఉంటే చెక్కు వాళ్ల పేరున. అద్దెకున్నవాళ్లకు తక్కువ, ఆక్రమణ స్థలంలో ఉన్నవాళ్లకు అసలు లేదు. ఆ ఇంట్లో నడిచే కుట్టు పనో, టిఫిన్ల వ్యాపారమో వరదలో పోతే అది "గృహోపకరణం" కింద జమ. బ్రెజిల్ 2009లో మొదలుపెట్టిన పేదల ఇళ్ల పథకంలో పట్టా ఇంటి ఆడమనిషి పేరున ఇవ్వడానికి ప్రాధాన్యం ఇచ్చింది. వాతావరణం కోసం పెట్టిన నియమం కాదు, అయినా విపత్తు వచ్చినప్పుడు చెక్కు ఎవరి చేతికి వెళ్తుందో తేల్చేది ఇలాంటి నియమమే.

బీమాలో కొత్త పద్ధతి ఒకటి చెప్పుకోదగ్గది. అసంఘటిత రంగంలోని మహిళల సంఘం సేవా 2023లో గుజరాత్‌లో సుమారు 21 వేల మంది సభ్యులతో వేడి బీమా మొదలుపెట్టింది. మామూలు బీమాలో నష్టం నిరూపించుకోవాలి. ఇందులో ఉష్ణోగ్రత ముందే రాసుకున్న గీత దాటి కొన్ని రోజులు నిలిస్తే చాలు, డబ్బు ఖాతాలో పడుతుంది. రసీదులు, సాక్షులు అక్కర్లేదు. తోపుడు బండి మీద అమ్ముకునే మనిషికి "నిన్న నా సంపాదన ఇంత పోయింది" అని ఏ కాగితంతో నిరూపించమంటారు? ఈ పద్ధతికి లోపమూ ఉంది. గీత ఎక్కడ గీశారన్న దాని మీదే అంతా ఆధారపడుతుంది. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే చెమట అంతే, డబ్బు మాత్రం రాదు.

ఆడవాళ్లకే బాధ్యత అప్పగిస్తే పని బాగా జరుగుతుంది కదా?

జరుగుతుంది. అందుకే జాగ్రత్తగా ఉండాలి.

బస్తీలో ఏ ఇంట్లో మంచం పట్టినవాళ్లున్నారో, ఏ సందులో నీళ్లు ముందు నిలుస్తాయో ఆడవాళ్లకు తెలిసినంత కార్పొరేషన్ మ్యాపుకు తెలియదు. 1986లో ముంబై ఫుట్‌పాత్‌ల మీద బతికే ఆడవాళ్లు మహిళా మిలన్‌గా కలిసి పొదుపులు, ఇళ్ల లెక్కలు మొదలుపెట్టారు. ఉన్నారని ఎవరూ ఒప్పుకోని జనం తమను తామే లెక్కపెట్టుకుని ఆ కాగితాలు పట్టుకుని బేరానికి కూర్చున్నారు. అహ్మదాబాద్ కేంద్రంగా పనిచేసే మహిళా హౌసింగ్ ట్రస్ట్ బస్తీల ఆడవాళ్లకు కప్పులకు తెల్ల రంగు వేయించడం లాంటి చవకైన ఉపాయాలు నేర్పుతోంది. తెల్ల కప్పు ఎండను తిప్పికొట్టి లోపలి వేడిని కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది. పెద్ద ఇంజినీరింగ్ ఏమీ కాదు.

కానీ ఇలాంటి కథలు విన్న అధికారులు ఏం నేర్చుకుంటారు? "మహిళా సంఘాలకు అప్పగిద్దాం, శ్రద్ధగా చేస్తారు, పైగా ఖర్చు తక్కువ." ఖర్చు ఎందుకు తక్కువ? జీతం ఇవ్వడం లేదు కాబట్టి. మురుగు కాలువ పూడిక తీసే కాంట్రాక్టర్‌కు బిల్లు, ఆ కాలువ పొంగుతోందా అని రోజూ చూసి కబురు చెప్పే ఆడమనిషికి చప్పట్లు. సాధికారత పేరుతో ఆమె రోజులోకి ఇంకో రెండు గంటల పని చేర్చి, ఇంట్లో పాత గంటలు ఒక్కటీ తగ్గించకపోతే అది సాధికారత కాదు, చాకిరీ. మగవాళ్లు ఆ పూట వంట చేస్తున్నారా అన్న ప్రశ్న అడిగిన సర్వే చాలా అరుదు.

డబ్బున్న ఆడవాళ్లకూ ఇదంతా వర్తిస్తుందా?

ఏసీ ఉన్న ఇంట్లో పాత్ర మాయం కాదు, చేతులు మారుతుంది. వరద మరుసటి రోజు నడుములోతు నీళ్లలో వచ్చి ఇల్లు కడిగేది పనిమనిషి. అప్పుడు ఆమె ఇల్లు కడిగేది ఎవరు? ఎక్కువసార్లు ఆమె పెద్ద కూతురు, బడి మానేసి. పేద మగవాడి కంటే డబ్బున్న ఆడమనిషి ఎండ నుంచి ఎన్నో రెట్లు క్షేమం, ఇందులో దాపరికం అక్కర్లేదు. ఆడ, మగ అన్న గీతను డబ్బు, వయసు, వైకల్యం అడ్డంగా కోస్తూ పోతాయి.

ట్రాన్స్‌జెండర్ల సంగతి ఏ ప్రణాళికలోనూ కనబడదేం?

ఫారంలో రెండే గడులు ఉంటాయి కాబట్టి. షెల్టర్లో ఇటు పంపితే ఇబ్బంది, అటు పంపితే ఇబ్బంది, గుర్తింపు కార్డులో పేరు ఒకటి మనిషి ఒకటి. చాలామంది అసలు వెళ్లరు. రేషన్, పరిహారం "కుటుంబం" లెక్కన పంచితే, రక్త సంబంధం లేకుండా కలిసి బతికే వాళ్లు కుటుంబం కిందికి రారు.

అంతర్జాతీయ ఒప్పందాల్లో దీని ప్రస్తావన ఉందా?

ఉంది. 2014లో లిమాలో జరిగిన ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సులో దేశాలన్నీ జెండర్ మీద ఒక కార్యక్రమం పెట్టుకున్నాయి. 2015 ప్యారిస్ వాతావరణ ఒప్పందం ఏడో అధికరణ, వాతావరణ మార్పును తట్టుకునే చర్యలు జెండర్‌ను దృష్టిలో పెట్టుకోవాలని చెప్తుంది. వాక్యం బాగానే ఉంది. వార్డు ఆఫీసుదాకా దిగడమే మిగిలింది.

పదవుల్లో ఆడవాళ్లు ఉంటే మారుతుందా?

కొంత. 2021 నుంచి కొన్ని నగరాలు వేడి కోసమే ఒక అధికారిని పెట్టుకున్నాయి. అమెరికాలో మయామీ నగరం ఉన్న మయామీ-డేడ్ కౌంటీలో జేన్ గిల్బర్ట్, ఏథెన్స్‌లో ఎలెని మిరివిలి, సియెరా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో యూజీనియా కార్గ్‌బో, 2023లో ఢాకా ఉత్తర నగరంలో బుష్రా అఫ్రీన్. ఈ నలుగురూ ఆడవాళ్లే. ఫ్రీటౌన్‌లో మొదట చేసిన పనుల్లో ఒకటి, ఆరుబయట మార్కెట్లలో పైన నీడ కప్పులు వేయడం. ఆ మార్కెట్లలో అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పొద్దున్నుంచి రాత్రిదాకా ఎండలోనే కూర్చునేవాళ్లు, కూరగాయలు వాడిపోతే నష్టమూ వాళ్లదే. మార్కెట్‌ను ట్రాఫిక్ సమస్యగా కాకుండా పనిచేసే చోటుగా చూసినప్పుడు తట్టే ఆలోచన అది.

అయినా ఒక అనుమానం నన్ను వదలదు. సొంత బడ్జెట్ తక్కువ, అన్ని శాఖల్నీ బతిమాలి ఒప్పించాల్సిన పని ఎక్కువ ఉన్న కుర్చీల్లో ఆడవాళ్లు తేలిగ్గా కనబడుతున్నారు. రోడ్లు, కాలువలు, టెండర్ల కుర్చీల్లో అంత తేలిగ్గా కనబడరు. ప్రపంచవ్యాప్తంగా స్థానిక సంస్థల్లో ఎన్నికైన సభ్యుల్లో ఆడవాళ్లు 35.5 శాతం అని ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం 2023 లెక్క.

మా నగరం ప్రణాళిక ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడుగుతోంది. ఏం అడగాలి?

ముందు, చర్చ సమావేశం ఏ వేళకు పెట్టారో చూడండి. పొద్దున పదకొండుకు పెడితే కూలికి వెళ్లినవాళ్లు రారు, సాయంత్రం ఆరున్నరకు పెడితే వంట మీద ఉన్నవాళ్లు రారు. పిల్లల్ని ఆడించడానికి ఒక మనిషిని పెట్టి, రెండు వేళల్లో రెండుసార్లు పెట్టమనండి.

తర్వాత అంకెలు అడగండి. వడదెబ్బ చావులు, ముంపు నష్టాలు ఆడ, మగ, వయసు, ఇంటి లోపలా బయటా అని విడదీసి ఉన్నాయా? లేకపోతే ఆ ప్రణాళిక ఎవరిని కాపాడదలచుకుందో రాసినవాళ్లకే తెలియదు. ప్రతి చర్య పక్కనా అది ఎవరి గంటలు పెంచుతుందో, ఎవరివి తగ్గిస్తుందో ఒక గడి పెట్టమనండి. "తడి చెత్త, పొడి చెత్త విడదీయాలి, దోమల నీళ్లు పారబోయాలి, కాచి చల్లార్చిన నీళ్లు తాగాలి" అన్న మూడు సూచనల కింద కర్త ఎవరో రాయమనండి. వాలంటీర్ అన్న మాట కనబడిన ప్రతిచోటా రోజు భత్యం ఎంతో అడగండి. నిర్మాణ కూలీలకు మధ్యాహ్నం పని ఆపితే ఆ గంటల కూలి ఎవరిస్తారో అడగండి, లేకపోతే ఆ నిబంధనను మొదట తప్పించుకునేది కూలీలే. ఒంటరిగా ఉండే ముసలి మగవాళ్ల జాబితా ఎవరి దగ్గరుందో అడగండి.

చివరికి షెల్టర్‌గా చూపించిన భవనానికి ఒకసారి స్వయంగా వెళ్లండి, చీకటి పడ్డాక. గేటు తీసి ఉందా, దారిలో దీపం వెలుగుతోందా, చక్రాల కుర్చీ ఎక్కే వాలు ఉందా చూడండి. మరుగుదొడ్డి లోపలికి వెళ్లి తలుపు గడియ పెట్టి చూడండి. పడకపోతే ఫొటో తీసి మీ అభిప్రాయానికి జతచేయండి.